పసుపు గులాబీ అంటే స్నేహమా, అసూయా? ట్యాగు మీద ఏది రాయాలి?

సందేహాలరావు
తొమ్మిది బకెట్లు, తొమ్మిది రంగులు. ఒక్కో బకెట్‌కి ఒక ట్యాగు. ట్యాగు మీద ఆ రంగు అర్థం ఒక్క ముక్కలో రాయాలి, మహా అయితే రెండు ముక్కలు. ఎరుపు, తెలుపు, పసుపు, లేత గులాబీ, ముదురు గులాబీ, నారింజ, ఊదా, నీలం, "నలుపు". చిన్న పనే అనుకున్నాను. ఏ పట్టిక తెరిచినా ఇంకో పట్టికతో కుదరదు. పసుపు ఒకచోట స్నేహం, ఇంకోచోట అసూయ, మరోచోట "ప్రేమ తగ్గింది". తెలుపు ఒకచోట పెళ్లి, ఇంకోచోట చావు. ముదురు ఎరుపుకి ఎక్కడో "సిగ్గు" అని ఉంది. అన్నీ మాత్రం "ప్రాచీన కాలం నుంచీ" అనే మొదలవుతాయి. వీటిలో అసలుది ఏది?

ముళ్లకంప
అసలుది అంటూ ఒకటి ఉంటే ఇన్ని పట్టికలు ఎందుకుంటాయి? ఒకరిది చూసి ఒకరు ఎక్కించుకున్నవే అన్నీ. ఎక్కించుకునేటప్పుడు ఎవరికి నచ్చనిది వాళ్లు మార్చేశారు.

శతపత్రం
"ప్రాచీన కాలం" దగ్గరే తేడా వచ్చింది. గులాబీ అంటే ప్రేమ అనుకోవడం పాతదే. గ్రీకు ప్రేమదేవత అఫ్రొడైటీ, ఆమె ప్రియుడు అడోనిస్ కథల్లోనే ఎర్ర గులాబీకీ నెత్తురుకీ ముడి పెట్టేశారు. కానీ రంగు రంగుకీ ఒక అర్థం అని గళ్లు గీసిన పట్టిక అంత పాతది కాదు.

దాని మూలం వెతికితే లేడీ మేరీ వోర్ట్లీ మాంటెగ్యూ ఉత్తరాలు తగులుతాయి. ఇంగ్లండ్ రాయబారి భార్యగా ఇస్తాంబుల్‌లో ఉన్నప్పుడు, 1718లో, అక్కడి "సెలామ్" అనే ఆట గురించి రాసింది. ఒక సంచిలో బొగ్గుముక్క, సబ్బు, దాల్చినచెక్క, గడ్డిపరక, గులాబీ, ఇలా ఏవో పెట్టి పంపుతారు. ఒక్కో వస్తువుకి ఒక్కో పద్యపాదం. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, వస్తువునీ పాదాన్నీ కలిపేది ప్రాస. వస్తువు పేరుకి ఏ పాదం ప్రాస కుదిరితే అదే దాని అర్థం. రంగుకి ఇందులో పనే లేదు.

ఆ ఉత్తరాలు 1763లో అచ్చయ్యాయి. చదివినవాళ్లకి టర్కీ భాష రాదు కాబట్టి ప్రాస జారిపోయి, "ఈ వస్తువుకి ఈ అర్థం" అన్న తొక్క మాత్రం మిగిలింది. 1819లో పారిస్‌లో షార్లెట్ డి లాతూర్ అన్న కలంపేరుతో పూల భాష మీద ఒక పుస్తకం వచ్చాక దానికి అనుకరణలే అనుకరణలు. 1884 నాటి కేట్ గ్రీనవే బొమ్మల పుస్తకం ఇంగ్లిష్‌లో బాగా నిలబడిపోయింది. మీరు చూసిన "సిగ్గు" ముదురు ఎరుపు పక్కన అందులో ఉంది. పసుపు పక్కన "తగ్గిన ప్రేమ, అసూయ". తెలుపు పక్కన "నేను నీకు తగినవాణ్ణి". ఎరుపూ తెలుపూ కలిపితే "ఐక్యత".

అర్ధవిచ్చు
అంటే ప్రాస కుదరక పుట్టిన శాస్త్రం అన్నమాట. మన యతిప్రాసలతో మొదలుపెట్టి ఉంటే ఇంకో పట్టిక వచ్చేది.

రేకులలెక్క
శతపత్రం గారి పోస్టుకి కొనసాగింపు. ఏ పట్టికనైనా జల్లెడ పట్టడానికి ఒకే ఒక్క సూత్రం చాలు. రంగు పుట్టకముందు దాని అర్థం పుట్టదు. గులాబీల్లో రంగులు ఎప్పుడెప్పుడు వచ్చాయో తారీఖులతో సహా తెలుసు, అందుకే ఈ జల్లెడ బాగా పనిచేస్తుంది.

నారింజ: మంట లాంటి నారింజ ఎరుపుకి కారణం పెలార్గోనిడిన్ అనే వర్ణకం. పాత తోట గులాబీల ఎరుపంతా సయనిడిన్ అనే ఇంకో వర్ణకానిదే. పెలార్గోనిడిన్ ఉన్న రకాలు 1929, 1930ల్లో గ్లోరియా ముండి, పాల్ క్రాంపెల్ లాంటి చిన్న పూల గులాబీల్లో తేలాయి. పొడవు కాడ మీద పెద్ద పువ్వుగా ఆ రంగుని జనంలోకి తెచ్చింది 1960 నాటి సూపర్ స్టార్, అమెరికాలో దాని పేరు ట్రోపికానా. కాబట్టి నారింజ గులాబీకి "ప్రాచీన కాలం నుంచీ మోహం" అని ఎవరైనా రాస్తే నవ్వి వదిలేయండి.

ఊదా: లేత ఊదా, అంటే వెండి ఛాయ ఉన్నది, 1957 నాటి స్టెర్లింగ్ సిల్వర్‌తో అందరి చేతికీ వచ్చింది. "తొలిచూపు ప్రేమ" అన్న అర్థం ఆ తర్వాత అంటించిందే. అంతకుముందు ఊదా లేదా అంటే ఉంది, కార్డినల్ డి రిషెల్యూ లాంటి గాలికా (పాతకాలం యూరప్ తోట గులాబీ) రకాల్లో. కానీ అది చిక్కటి నేరేడు ఛాయ. ఇప్పటి లేత ఊదా వేరు.

నీలం: 2009 దాకా అమ్మకానికి లేదు. దాని సంగతి వేరే చెప్పాలి.

కొమ్మంటు
పసుపు సంగతి వదిలేశారే? ప్రశ్నే అది కదా.

రేకులలెక్క
పసుపు మీ వాటా అని వదిలాను.

కొమ్మంటు
సరే. యూరప్ తోటల్లో పసుపు గులాబీ ముందూ ఉంది. పశ్చిమాసియా నుంచి వచ్చిన రోసా ఫీటిడా. ఆ లాటిన్ పేరుకి "కంపు కొట్టేది" అని అర్థం, వాసన నిజంగానే బాగుండదు. ఏడాదికి ఒక్కసారే పూస్తుంది. చైనా నుంచి వచ్చిన పసుపు టీ గులాబీ ఇంకొకటి, మరీ లేత రంగు, చలికి తట్టుకోదు. ఇదీ 1884 నాటికి పసుపు పరిస్థితి.

చిక్కటి పసుపుని, పదేపదే పూసే తోట గులాబీలోకి ఎక్కించినవాడు ఫ్రాన్స్‌లోని లియాన్‌కి చెందిన జోసెఫ్ పెర్నే-డ్యూషే. ఫీటిడా జాతిదే రేకులు ఎక్కువున్న రకం, పర్షియన్ యెల్లో. దాని పుప్పొడితో ఏళ్ల తరబడి సంకరాలు చేసి 1900లో సోలేయ్ డోర్ విడుదల చేశాడు. దానితో పాటు నల్లమచ్చ తెగులుకి లొంగిపోయే గుణం కూడా వచ్చిపడింది. పసుపు, నారింజ రకాల ఆకులు తొందరగా మచ్చలు పడి రాలిపోతాయి, ఆ గుణం ఫీటిడా ఇచ్చిన కట్నం.

ఇక అసూయ ఎందుకంటే, పువ్వు కన్నా ముందే రంగుకి చెడ్డపేరు ఉంది. యూరప్ చిత్రాల్లో క్రీస్తుని పట్టించిన జూడాస్‌కి పసుపు అంగీ తొడగడం చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ నింద పువ్వు మీదకి ఎక్కింది. ఇరవయ్యో శతాబ్దంలో మంచి పసుపు పువ్వులు దొరకడం మొదలయ్యాక ఎవరూ అసూయ పేరుతో పువ్వు అమ్మలేరు కదా, మెల్లగా స్నేహం, సంతోషం వైపు జరిగింది.

పసుపురేకు
నా పక్షాన వాదించినందుకు ధన్యవాదాలు. ఇంకో సాక్ష్యం: పీస్ గులాబీ. పసుపు రేకు, గులాబీ రంగు అంచు. ఫ్రాన్సిస్ మెయాన్ పెంచిన రకం. అమెరికాలో దానికి "పీస్" అని పేరు పెట్టింది 1945 ఏప్రిల్ 29న. ఐక్యరాజ్యసమితి ఏర్పాటు కోసం శాన్ ఫ్రాన్సిస్కోలో కూడిన ప్రతినిధులకి తలా ఒక పువ్వు ఇచ్చారు. అరవై ఏళ్లలో అసూయ కాస్తా శాంతి అయి కూర్చుంది.

ముళ్లకంప
అంత సంబరం వద్దు. రష్యాలో పసుపు పువ్వులంటే ఇప్పటికీ విడిపోవడమే. పైగా అక్కడ సరిసంఖ్య పువ్వులు చావుకే ఇస్తారు. డజను పసుపు గులాబీలు కట్టి ఇస్తే ఒకే గుత్తిలో రెండు అపశకునాలు. జపాన్‌లో చూస్తే తండ్రుల దినానికి పసుపు గులాబీయే ఇస్తారు. ఒకే పువ్వు, ఒకే ఏడాది.

సందేహాలరావు
అయితే ట్యాగు మీద "స్నేహం" అని రాసేస్తే ఇబ్బంది లేదా?

శతపత్రం
లేదు. చదివేవాళ్లలో నూటికి తొంభైమందికి తెలిసిన అర్థం అదే. ట్యాగు పని గుర్తు చేయడమే, చరిత్ర చెప్పడం కాదు.

బావమరిది
మీరందరూ ఒక సంగతి మర్చిపోయారు. ట్యాగు మీద "పచ్చ" అని రాయకండి. సగంమంది పసుపు అనుకుంటారు, సగంమంది ఆకుపచ్చ అనుకుంటారు. ఇంక "గులాబీ రంగు గులాబీ" అనడం ఎలాగో ఆ దేవుడికే తెలియాలి.

రేకులలెక్క
రెండోదానికి మందు లేదు. పర్షియన్‌లో "గుల్" పువ్వు, "ఆబ్" నీళ్లు. గులాబ్ అంటే అసలు పన్నీరు. నీళ్ల పేరు పువ్వుకీ, పువ్వు పేరు రంగుకీ వచ్చాయి. ట్యాగు మీద "లేత రోజా", "ముదురు రోజా" అనండి, గొడవ వదులుతుంది.

మొదటిదానికి: ఆకుపచ్చ గులాబీ నిజంగానే ఉంది. రోసా చైనెన్సిస్ విరిడిఫ్లోరా. దాంట్లో రేకులు ఉండాల్సిన చోట కూడా రక్షకపత్రాలే (మొగ్గని కప్పే ఆకుపచ్చవి) ఉంటాయి, అందుకే ఆ రంగు. దగ్గరగా చూస్తే అంచులు రంపపు పళ్లలా ఉంటాయి, ముసలిదైతే ఇటుక రంగు తిరుగుతుంది. పూల దుకాణాల్లో దొరికే లేత ఆకుపచ్చవి దీని పిల్లలు కావు, అవి మామూలు రేకులున్న రకాలే.

గుత్తికట్టు
తెలుపు గురించి ఎవరూ మాట్లాడలేదు. అసలు ప్రమాదం అక్కడే. పసుపు పొరపాటైతే నవ్వుకుంటారు, తెలుపు పొరపాటైతే ఏడుస్తారు.

వియత్నాం బౌద్ధుల వూ లాన్ పండగలో తల్లి బతికి ఉన్నవాళ్లు ఎర్ర గులాబీ, తల్లి పోయినవాళ్లు తెల్ల గులాబీ గుండెకి గుచ్చుకుంటారు. అక్కడ తెలుపు చేతిలో పెడితే "నీ తల్లి లేదు" అన్నట్టే. తూర్పు ఆసియాలో చాలాచోట్ల తెలుపు శోకానికే. పెళ్లి గుత్తిలో అదే తెలుపు. ఇంగ్లండ్‌లో యార్క్ రాజవంశానికి తెల్ల గులాబీ, లాంకాస్టర్‌కి ఎర్ర గులాబీ, రెండూ కలిపితే ఆ తర్వాతి రాజవంశం ట్యూడర్‌ల గులాబీ. మ్యూనిక్‌లో 1942, 43ల్లో హిట్లర్‌కి ఎదురుగా కరపత్రాలు పంచిన విద్యార్థుల బృందం పేరు తెల్ల గులాబీ.

కాబట్టి తెల్ల పువ్వు అర్థం పక్కనున్నవాటిని బట్టి మారుతుంది. ఒక్కటే పొడవు కాడ మీద, ఆకులతో, రిబ్బను లేకుండా ఉంటే శోకం వైపు మొగ్గుతుంది. పొట్టి కాడలు, గుండ్రటి గుత్తి, మధ్యలో లేత రోజా రంగువి నాలుగైదు ఉంటే పెళ్లి వైపు. అనుమానం ఉంటే పాలతెలుపు వదిలి మీగడ రంగు తీసుకోండి. మీగడ రంగుని ఎవరూ చావుతో ముడిపెట్టరు.

కొమ్మంటు
లాంకాస్టర్ "ఎరుపు" మాట వచ్చింది కాబట్టి ఒక సవరణ. ఆ వంశానిదని చెప్పే పువ్వు రోసా గాలికా అఫిసినాలిస్. ఇవాళ దాన్ని బకెట్‌లో పెడితే అందరూ ముదురు రోజా అంటారు, ఎరుపు అనరు. పండు మిరపకాయ లాంటి నిఖార్సైన ఎరుపు చైనా గులాబీలతో 1790లలో యూరప్ చేరింది. అంతకుముందు పుస్తకాల్లో "ఎర్ర గులాబీ" అని ఉన్నచోటల్లా ఆ పాత ఛాయనే ఊహించుకోవాలి. అందుకే రావు గారి పాత పట్టికలోని ముదురు ఎరుపు ఇప్పటి ముదురు ఎరుపే అనుకోనక్కర్లేదు.

సందేహాలరావు
అయితే ముదురు రోజా ట్యాగు మీద ఏం రాయాలి? ప్రేమ అంటారా ఇప్పుడు?

గుత్తికట్టు
వద్దు. ముదురు రోజా: కృతజ్ఞత. లేత రోజా: మెచ్చుకోలు, లాలిత్యం. ఈ రెండిటికీ మధ్య గీత ఎక్కడ గీయాలో పట్టికలు చెప్పవు. పని సులువు చేసే చిట్కా ఒకటి ఉంది. పువ్వు పక్కన తెల్ల కాగితం పెట్టి, మధ్య రేకుల్ని కాకుండా బయటి నుంచి మూడో వరసని చూడండి. బయటి రెండు మూడు రేకులు మొగ్గని కాపాడేవి, ఎప్పుడూ రంగు మాసి, పచ్చబారి ఉంటాయి. ట్యాగు కట్టేముందు వాటిని తుంచేయాలి. పట్టుకుని పక్కకి లాగితే మొదలంటా వస్తాయి, చింపితే తొడిమ దగ్గర ముక్క మిగిలి బూజు పడుతుంది. అలాగని ఐదారు తుంచేస్తే పువ్వు సన్నబడిపోతుంది, మూడుకి ఆపండి.

రంగులపెట్టె
వెలుగు సంగతి ఎవరూ అడగలేదు, అడగాలి. బకెట్లు ఏ దీపాల కింద ఉంటాయి? 2700 కెల్విన్ (దీపం వెలుగు రంగుకి కొలత, అంకె పెరిగేకొద్దీ తెలుపు) పసుపు దీపం కింద లేత ఊదా గులాబీ మాసిన రోజా రంగులా కనిపిస్తుంది. "తొలిచూపు" అని ట్యాగు, చూస్తే వాడిపోయిన రోజా. ఊదా, నీలం బకెట్లని పగటి వెలుగు వచ్చే వైపుకి జరపండి, లేదా 4000 కెల్విన్ పైన ఉన్న దీపం పెట్టండి.

ఎరుపుది ఇంకో చిక్కు. సందె చీకట్లో కంటికి ముందు ఆరిపోయేది ఎరుపే. నీలాలు నిలబడతాయి, ఎర్ర గులాబీలు నల్లబడతాయి. దీన్ని పుర్కిన్యే ప్రభావం అంటారు. ఆరుబయట సాయంత్రం పూట ఎరుపూ "నలుపూ" పక్కపక్కన పెడితే ఏది ఏదో తేలదు. మధ్యలో తెలుపు బకెట్ పెట్టండి.

అర్ధవిచ్చు
ఆ "నలుపు"కి కోట్స్ ఎందుకు పెట్టారో రావు గారు?

సందేహాలరావు
తెచ్చినవాళ్లే "నలుపు అంటారు గానీ" అని నసిగారు.

కొమ్మంటు
నసగాల్సిందే. నల్ల గులాబీ లేదు. బ్లాక్ బకారా, బ్లాక్ మ్యాజిక్ లాంటివన్నీ చిక్కటి ముదురు ఎరుపులు. ఆంథోసయనిన్ (ఎరుపు, ఊదా రంగులిచ్చే వర్ణకం) దట్టంగా ఉండటం ఒక కారణం. రేకు పైపొర కణాలు సన్నగా పొడుచుకువచ్చి వాటి నీడ వాటి మీదే పడటం ఇంకొకటి. మఖమల్ గుడ్డ నల్లగా మెరిసినట్టే ఇదీ. వేలితో అదిమితే ఆ నలుపు పోయి ఎరుపు బయటపడుతుంది. చలిలో విచ్చినవి ఎక్కువ నల్లగా, ఎండలో విచ్చినవి ఎర్రగా ఉంటాయి. టర్కీలోని హల్‌ఫెతి పేరుతో "ప్రపంచంలో ఏకైక నల్ల గులాబీ" అని తిరిగే బొమ్మలు చాలామటుకు రంగు దిద్దినవి. అక్కడి పువ్వు కూడా ముదురు ఎరుపే.

ముళ్లకంప
అర్థం: మరణం, వీడ్కోలు, లేదా కొత్త మొదలు. కావాల్సింది తీసుకోండి. లేని పువ్వుకి అర్థం ఏదైతేనేం.

శతపత్రం
"వీడ్కోలు" బాగుంటుంది. మరణం అని ట్యాగు రాస్తే ఆ బకెట్ దగ్గరికి ఎవరూ రారు.

చీడపీడ
నీలం గురించి చెబుతానన్నవాళ్లు మాయమయ్యారు.

రేకులలెక్క
ఉన్నాను. 1913లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త రిచర్డ్ విల్‌స్టాటర్ కార్న్‌ఫ్లవర్ అనే నీలి పువ్వు నుంచి వర్ణకాన్ని వేరుచేశాడు. తర్వాత ఎర్ర గులాబీలోనూ అదే వర్ణకం తేలింది. ఒకచోట నీలం, ఒకచోట ఎరుపు! మొక్కల వర్ణకాల మీద పనికే 1915లో ఆయనకి నోబెల్ వచ్చింది. కార్న్‌ఫ్లవర్‌లో ఆ వర్ణకం ఇనుము, మెగ్నీషియంలతో జట్టు కడుతుంది, అందుకే నీలం. గులాబీ రేకు కణాల్లో రసం పుల్లగా ఉంటుంది, ఆ జట్టు లేదు, కాబట్టి ఎరుపు.

చాలా పువ్వుల్లో నీలానికి కారణం డెల్ఫినిడిన్ అనే వర్ణకం. దాన్ని చేసే ఎంజైము గులాబీకి లేదు. ఎన్ని సంకరాలు చేసినా లేని జన్యువు రాదు. అందుకే పాత రోజుల్లో నీలి గులాబీ అంటే "అసాధ్యం". జపాన్‌కి చెందిన సంటోరీ వాళ్లు ఆస్ట్రేలియా సంస్థ ఫ్లోరిజీన్‌తో కలిసి ప్యాన్సీ పువ్వు జన్యువు ఎక్కించి, 2004లో ప్రకటించి, 2009లో "అప్లాజ్" పేరుతో అమ్మకానికి పెట్టారు. దానికి వాళ్లు ఇచ్చుకున్న అర్థం "కల నిజమైంది". ఎవరు, ఎప్పుడు పెట్టారో ఇంత కచ్చితంగా తెలిసిన అర్థం గులాబీల్లో ఇంకోటి లేదేమో. చూస్తే మాత్రం అది ఊదాయే, ఆకాశనీలం కాదు. రేకు రసం పులుపు తగ్గలేదు మరి.

రసం సంగతి మీరే చూడొచ్చు. ముదురు ఎరుపు రేకులు ఐదారు నలిపి అరకప్పు వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచి వడకట్టండి. రెండు గ్లాసుల్లో పోసి ఒకదాంట్లో నాలుగు చుక్కలు వెనిగర్, ఇంకోదాంట్లో చిటికెడు వంటసోడా. మొదటిది మెరిసే ఎరుపు, రెండోది నీలంలోకి, ఆకుపచ్చలోకి తిరుగుతుంది.

చీడపీడ
అయితే రావు గారి బకెట్‌లో ఉన్న ముదురు నీలం?

రంగులపెట్టె
రంగు తాగించిన తెల్ల గులాబీ. చూడగానే తెలుస్తుంది: ఆకుల ఈనెలు కూడా నీలంగా ఉంటాయి, కాడ అడ్డంగా కోస్తే లోపల నీలం చుక్కల వలయం కనిపిస్తుంది, రేకు అంచుల్లో గీతలు గీతలుగా రంగు ఎక్కువ పడి ఉంటుంది. పైన చల్లిన రంగైతే తడి వేలికి అంటుకుంటుంది.

తాగించడం ఇలా. సగం విచ్చిన తెల్ల పువ్వు తీసుకోండి, మొగ్గ పనికిరాదు, పూర్తిగా విచ్చింది నీళ్లు సరిగా లాగదు. నీళ్లు లేకుండా రెండు మూడు గంటలు ఉంచి దాహం పట్టించాలి. కాడ కొసని నీళ్లలోపలే ఏటవాలుగా 2-3 సెంటీమీటర్లు కోయాలి, బయట కోస్తే కాడ గొట్టాల్లోకి గాలి బుడగ దూరి అక్కడే అడ్డం పడుతుంది. గోరువెచ్చటి పావు లీటరు నీళ్లకి తిండి రంగు 20-30 చుక్కలు. నాలుగైదు గంటల్లో అంచులు, ఒక రోజులో పువ్వంతా. నిండు నీలం కావాలని రంగు మరీ చిక్కగా కలిపితే కాడ మూసుకుపోయి పువ్వు మెడ వాల్చేస్తుంది. తగినంత రాగానే తీసి, కొస మళ్లీ కోసి మామూలు నీళ్లలో పెట్టాలి.

ఏడు రంగుల గులాబీ కూడా ఇదే. కాడ అడుగున పదునైన బ్లేడుతో నిలువుగా కొన్ని చీలికలు చేసి, ఒక్కోదాన్ని ఒక్కో రంగులో ముంచుతారు. ఏ చీలిక ఏ రేకులకి నీళ్లిస్తుందో ఆ రేకులకే ఆ రంగు. మొద్దు బ్లేడు వాడితే చీలిక నలిగిపోయి ఆ వైపు రేకులు తెల్లగానే మిగిలిపోతాయి.

బావమరిది
ఏడు రంగులకీ ఏడు అర్థాలు కలిపితే "ఏదో ఒకటి అనుకో" అని వస్తుంది.

పసుపురేకు
రెండు రంగుల పూల సంగతి కూడా చెప్పాలి. పసుపు రేకుకి ఎర్ర అంచు ఉంటే "స్నేహం ప్రేమగా మారుతోంది" అని ఇప్పటి పట్టికలు అంటాయి. చాలా పసుపు రకాల్లో ఆ అంచు ఎండ వల్ల వస్తుంది. 1949 నాటి మాస్కరేడ్ పసుపుగా విచ్చి, రోజా రంగులోకి తిరిగి, ఎర్రబడి రాలుతుంది. చైనా గులాబీ ముటాబిలిస్ కూడా అంతే: తేనె రంగు, రాగి ఛాయ రోజా, ఆ తర్వాత ముదురు ఎరుపు. ఒకే కొమ్మ మీద మూడు రోజుల పువ్వులు మూడు రంగుల్లో కనిపిస్తాయి. డబుల్ డిలైట్ మీగడ రంగులో విచ్చి, ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలినచోటల్లా ఎర్రబడుతుంది. ఆ కిరణాల్ని ఆపే పందిరి కింద పెంచితే మీగడగానే ఉండిపోతుంది.

అర్ధవిచ్చు
పందిరి వేసిన పెద్దలు కావాలనే వేశారు.

చీడపీడ
ఎరుపు మాత్రం వెనక్కి నడుస్తుంది. కోసిన ఎర్ర గులాబీ ముసలిదయ్యేకొద్దీ నీలం తిరుగుతుంది. రేకులోని ప్రోటీన్లు విరిగి అమ్మోనియా విడుదలవుతుంది, రసం పులుపు తగ్గుతుంది, సయనిడిన్ ఊదాలోకి జారుతుంది. ప్రేమ అని ట్యాగు కట్టిన బకెట్ నాలుగో రోజుకి మాసిన ఊదా. దాన్ని ఆలస్యం చేయాలంటే లీటరు నీళ్లకి 15-20 గ్రాముల పంచదార, పావు చెంచాలో సగం కన్నా తక్కువ నిమ్మఉప్పు, రెండు మూడు చుక్కల బ్లీచు. పంచదార ఒక్కటే వేస్తే బ్యాక్టీరియాకి విందు, కాడలు జిగురు పట్టి పువ్వు మెడ విరుస్తుంది. నీటి మట్టం కిందకి వచ్చే ఆకులన్నీ తీసేయండి. పండ్ల బుట్టకి దూరంగా పెట్టండి, మగ్గే పండ్ల నుంచి వచ్చే ఎథిలీన్ రేకుల్ని రాల్చేస్తుంది.

తెల్ల బకెట్‌కి ఇంకో జాగ్రత్త. బోట్రైటిస్ బూజు అన్ని రంగుల మీదా పడుతుంది, కానీ తెలుపు మీద గోధుమరంగు చుక్కగా వెంటనే కనిపిస్తుంది. తెల్ల పూల మీద నీళ్లు చల్లొద్దు.

సందేహాలరావు
నోట్ చేసుకున్నాను. ఇదీ నా జాబితా, తప్పులుంటే తిట్టండి: ఎరుపు ప్రేమ. తెలుపు నిర్మలత్వం. పసుపు స్నేహం. లేత రోజా మెచ్చుకోలు. ముదురు రోజా కృతజ్ఞత. నారింజ ఉత్సాహం. ఊదా తొలిచూపు. నీలం కల నిజమైంది. ముదురు ఎరుపు (నలుపు కాదు) వీడ్కోలు.

ముళ్లకంప
నీలం తప్పు. "కల నిజమైంది" జన్యువు మార్చిన పువ్వుకి పెట్టింది. మీది రంగు తాగింది. దానికి పాత అర్థమే న్యాయం: అసాధ్యం.

శతపత్రం
"అందనిది" అని రాయండి. వినడానికీ బాగుంటుంది, అబద్ధమూ కాదు.

గుత్తికట్టు
తెలుపుకి నిర్మలత్వం కన్నా "గౌరవం" మేలు. పెళ్లికీ సరిపోతుంది, సంతాపానికీ సరిపోతుంది. ట్యాగులు పెన్సిలుతో రాయండి. ఇంకు పెన్నుతో రాస్తే బకెట్ తడికి గంటలో పాకిపోతుంది. ట్యాగు కాడకి కట్టొద్దు, బకెట్ చెవికి కట్టండి. కాడకి కడితే దారం తడిసి బిగుసుకుని తొక్క లేస్తుంది.

సందేహాలరావు
నీలం, తెలుపు మార్చాను. ఇంకో ప్రశ్న. రెండు రోజులుగా ఆరుబయట ఉన్న పసుపు బకెట్‌లో నాలుగు పువ్వుల అంచులు ఎర్రబడ్డాయి. వచ్చినప్పుడు లేదు. తెగులా?

పసుపురేకు
ఎండ తగిలే వైపువేనా?

సందేహాలరావు
అవును, ఆ నాలుగే.

చీడపీడ
తెగులు కాదు. తెగులైతే ఎరుపు చుక్కలు చుక్కలుగా పడతాయి, అంచు వెంబడి సమంగా రాదు.

పసుపురేకు
ఆ నాలుగూ వేరే బకెట్‌లో పెట్టి పదో ట్యాగు రాసుకోండి. మిగతావి నీడలోకి జరపండి, లేకపోతే ఎల్లుండికి స్నేహం ట్యాగు కింద పువ్వు మిగలదు.